పాత కాంటెస్సాలో సౌండ్ సిస్టమ్ మార్చాలంటే ముందు ఏది కొనాలి?

కాంటెస్సా కొన్నారనీ, డిక్కీలో పన్నెండు అంగుళాల బాస్ ట్యూబు (కింది స్వరాల కోసం గొట్టంలో బిగించిన సబ్‌వూఫర్ అనే పెద్ద స్పీకరు) పెట్టించాలా, లేక మొదట మామూలు స్పీకర్లు మార్చాలా అనీ అడిగారు. ట్యూబు ఇప్పుడే వద్దు. ఆ డబ్బు ముందు వైర్ల మీద, తలుపుల మీద పెట్టండి. స్పీకర్లు ఆ తర్వాత. సబ్‌వూఫర్ అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన సామాను బిగించినా కారులో మోత ఉంటుంది గాని పాట ఉండదు.

మా ఇంట్లో ఉన్నదీ కాంటెస్సా క్లాసిక్కే, ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనుది. మా మేనమామ విజయనగరంలో ఎంతో అపురూపంగా చూసుకున్న కారు. చూపు మందగించాక తాళాలు నా చేతిలో పెట్టారు. 1984 నుంచి 2002 దాకా బెంగాల్‌లోని ఉత్తరపరాలో తయారైన ఈ బండిని మన దేశపు మజిల్ కారు అంటారు. అసలు మజిల్ కార్లు అమెరికావి. అరవైలలో వాటిలో కూడా చాలావరకు డాష్‌బోర్డు మధ్యలో ఒకే ఒక్క స్పీకరు ఉండేది. ఇంజను మీద ఉన్న శ్రద్ధ పాట మీద ఎవరికీ లేదు. అందుకే పాత కారులో సౌండ్‌ను మనమే అడుగు నుంచి కట్టుకురావాలి.

మా కారుకు ఒక షాపువాళ్లు వెనక అద్దం కింది చెక్కలో రెండు ఓవల్ స్పీకర్లు, డిక్కీలో ఒక ఆంప్లిఫయరు బిగించారు. ఇంజను స్టార్ట్ చేయగానే స్పీకర్లలోంచి సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పై స్థాయికి పోయేది, వదిలితే దిగేది. వెళ్లి అడిగితే పాత కార్లన్నీ ఇంతే అన్నారు. ఫిల్టరు అంటూ ఏదో అమ్మారు. తర్వాత ఆంప్లిఫయరే మార్చుకోమన్నారు. ఈల మాత్రం పోలేదు.

మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో, ఒకప్పుడు టేపు రికార్డర్లు బాగుచేసిన పెద్దాయన ఉన్నారు. మేస్త్రి గారనే పిలుస్తాం. ఆయన పాట పెట్టమనలేదు, స్టీరియో వైపు కూడా చూడలేదు. "డిక్కీ తియ్యండి బాబూ" అన్నారు. ఆంప్లిఫయరు నుంచి బయల్దేరిన నల్ల వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చివరిదాకా వెళ్లారు. అక్కడ దాన్ని ఒక బోల్టు కింద బిగించి ఉంది. బోల్టు కింద కారు పెయింటు చెక్కు చెదరలేదు. "పెయింటు మీద ఎర్త్ ఇస్తే కరెంటు ఎటు పోతుంది బాబూ? దారి దొరక్క స్టీరియో నుంచి వచ్చే పాట వైరును పట్టుకుంది. అందుకే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చప్పుడంతా మీకు వినిపిస్తోంది" అన్నారు. బోల్టు విప్పి, రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితంతో రుద్దారు. తెలుపు పోయింది, దాని కింద ఎర్రటి ప్రైమర్ పోయింది, చివరికి మెరుస్తూ ఇనుము బయటపడింది. వైరు చివరనున్న రింగును కూడా రుద్ది, బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీసు పూశారు. "ఇప్పుడు తొక్కండి" అన్నారు. తొక్కాను. ఈల లేదు.

అంతటితో ఆగలేదాయన. బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి డిక్కీకి వెళ్లే ఎర్ర వైరుకు ఫ్యూజే లేదని చూపించారు. ఆ వైరు తొడుగు ఎక్కడైనా కోసుకుపోయి రేకుకు తగిలితే కారు తగలబడుతుంది. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఎర్ర వైరు కారుకు ఒక పక్కనుంచి, పాట వైర్లు రెండో పక్కనుంచి పోవాలి. ఇంతమాత్రం చేయని షాపులు గోడ నిండా రంగురంగుల పెట్టెలు పేర్చుకుని కూర్చోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక తలుపులు. మీ కారు తలుపును వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖాళీ నూనె డబ్బాలా మోగుతుంది. ఆ రేకు మీద కొత్త స్పీకరు బిగిస్తే రేకు కూడా దానితోపాటు పాడుతుంది. బయటి రేకుకు లోపలివైపు, మధ్య భాగంలో డాంపింగ్ షీట్లు (రేకు అదరకుండా ఆపే బరువైన అంటుడు పట్టీలు) అంటించి రోలరుతో గట్టిగా అదమాలి. రేకంతా కప్పనక్కర్లేదు. లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాలను మాత్రం తప్పకుండా మూయించండి. స్పీకరు వెనక పుట్టిన శబ్దం ఆ రంధ్రాల్లోంచి ముందుకొచ్చి బేస్‌ను తినేస్తుంది. తలుపు అడుగున నీళ్లు కారే సన్నటి రంధ్రాలను మాత్రం ముట్టుకోనివ్వకండి. మనది సముద్రపు గాలి. నీరు నిలిస్తే తలుపు తుప్పుపట్టిపోతుంది. ఈ పని చేయించాక నాతవలస దాటి హైవే మీద శ్రీకాకుళం వెళ్తుంటే టైర్ల హోరు కూడా తగ్గింది.

వాట్ల అంకెలు నమ్మకండి. పెట్టె మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని రాస్తారు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల చిల్లర. విడిగా ఆంప్లిఫయరు లేకుండా, నాలుగు ఓమ్‌ల స్పీకరుకు అందులోంచి శుభ్రంగా వచ్చేది ఇంచుమించు 20 వాట్లే. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు) ఎంత అని అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

పాట ఎదురుగా వినిపించాలి. కచేరీలో గాయకుడికి వీపు పెట్టి ఎవరూ కూర్చోరు కదా! ముందు తలుపుల్లో మంచి కాంపొనెంట్ స్పీకర్లు (పెద్ద స్పీకరు, ట్వీటరు విడివిడిగా వచ్చే సెట్టు), అద్దాల దగ్గర వాటి ట్వీటర్లు, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు పెట్టించండి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు మాది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. ఇక్కడ కూడా కుర్రాళ్లు డిక్కీలో పెట్టె దడదడలాడితేనే మంచి సిస్టమ్ అనుకుంటుంటే బాధేస్తుంది. పెళ్లి ఊరేగింపుల డీజే బండ్లు చెవులను అలా పాడుచేశాయి. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకరు మోగకూడదని 2000 నుంచీ నిబంధన ఉంది, పట్టించుకునేదెవరు? మీ సిస్టమ్‌ను పరీక్షించాలంటే ద్వారం వారి వయొలిన్ పెట్టి, కమాను తీగ మీద మళ్లే చప్పుడు వినబడుతోందో లేదో చూడండి.

స్పీకర్లు బిగించే ముందు ఒక పెన్సిల్ సెల్లు దగ్గర పెట్టుకోండి. దాని ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి ఉబకాలి. లోపలికి పోతే వైర్లు తారుమారైనట్టే. ఎడమ తలుపులో ఒకలా, కుడి తలుపులో ఒకలా ఉంటే బేస్ పలచబడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక నెల నడపండి. అప్పటికీ కింది స్వరాలు చాలలేదనిపిస్తే పదంగుళాల సబ్‌వూఫర్, అన్ని వైపులా మూసిన పెట్టెలో పెట్టించుకోండి. 80 హెర్ట్జ్ కన్నా పై స్వరాలు పలకకుండా దాని నోరు కట్టేయమనండి. డిక్కీలో స్టెప్నీ తీయడానికి కూడా చోటు మిగులుతుంది.