పాత రివాల్వర్, ఇంట్లో పోసిన సీసపు గుండు, నలభై రెండు అంగలు

ప్రశ్న: పాతకాలపు రివాల్వర్‌తో, సొంతంగా పోతపోసుకున్న గుండ్లతో అమెరికాలో యాంటిలోప్‌ను వేటాడటం అయ్యే పనేనా?

అవుతుంది. వయోమింగ్ రాష్ట్రంలో, కాస్పర్ ఊరికి ఉత్తరాన, మూడేళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చి నాలుగో ఏడు సాధించాను. మీరు తుపాకి గురించి అడిగారు, గుండు గురించి అడిగారు, దూరం మాత్రం అడగలేదు. అసలు సంగతంతా దూరంలోనే ఉంది.

ఇక్కడివాళ్లు యాంటిలోప్ అనేది ప్రాంగ్‌హార్న్‌ని. చూడటానికి జింకలాగే ఉంటుంది కానీ బతికున్న జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టం జిరాఫీ. నేను నంద్యాల వైపు పెరిగినవాణ్ణి. రోళ్లపాడు దగ్గర కృష్ణజింకలు గాల్లోకి లేస్తూ పొలాలు దాటిపోవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ప్రాంగ్‌హార్న్ అలా లేవదు. గంటకు ఎనభై తొంభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే జంతువు, నాలుగడుగుల కంచె ఎదురైతే ఆగిపోయి, మోకాళ్ల మీద వంగి కింది తీగ కింద దూరుతుంది. ఆ ఒక్క అలవాటే నాకు దారి చూపించింది. (ఇండియాలో ఇలాంటి ఆలోచన కూడా పెట్టుకోకండి. కృష్ణజింకను వేటాడటం 1972 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం ఉండాల్సిందే.)

నా దగ్గరున్నది 1960ల నాటి రూగర్ కంపెనీ రివాల్వర్ సూపర్ బ్లాక్‌హాక్, 44 మాగ్నం తూటాది, ఏడున్నర అంగుళాల గొట్టం. పక్కన మూడు స్క్రూలు కనిపించే పాత మోడల్. కంపెనీ 1973లో లోపలి ఏర్పాటు మార్చింది. పాతదాంట్లో హామర్ (తూటా వెనక కొట్టే సుత్తి) కింద తూటా ఉంచకూడదు, కిందపడితే పేలొచ్చు. అందుకే ఆరు గదుల్లో ఐదే నింపుతాను. కొత్తదానిలా మార్చి ఇస్తామని కంపెనీ ఎప్పట్నుంచో చెబుతోంది, ఉచితంగానే. నేను పంపలేదు. హామర్ లాగేటప్పుడు వచ్చే ఆ నాలుగు టిక్కులు నాకు కావాలి.

గుండ్లు గ్యారేజీ తలుపు బార్లా తెరిచిపెట్టి పోస్తాను, పిల్లల్ని దరిదాపులకు రానివ్వను. మా ఊళ్లో కళాయి వేసేవాడు కొలిమి రాజేసి ఇత్తడి గిన్నెలకు తగరం పూస్తుంటే గంటల తరబడి పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ తగరమే ఇప్పుడు కాస్త సీసంలో కలుపుతాను. కలిస్తేనే కరిగిన లోహం అచ్చు మూలమూలకీ పారుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు, మరీ వేడెక్కితే పైన పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర. ముడతపడ్డది మళ్లీ మూకుట్లోకే. కరిగిన సీసంలో ఒక్క చుక్క నీరు పడినా ఆవిరై పేలుతుంది, మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు లేకుండా ఈ పని ముట్టుకోకండి. పాత కార్ల చక్రాలకు తగిలించే సీసపు బరువులు ఒకప్పుడు టైర్ల షాపులో బకెట్టు నిండా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వాటిలో జింకువి కూడా కలిసి వస్తాయి. చూసుకోకుండా రెండు వేస్తే కరిగిందంతా ఉడికీ ఉడకని సంగటిలా తయారవుతుంది. పోయిన ఏడాది నాకు ఒక ఆదివారం మొత్తం అలాగే పోయింది.

నా గుండు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. ముక్కు దగ్గర గుంట ఉంటుంది, తగిలాక విచ్చుకోవడానికి. యాభై గజాల్లో ఐదు గుండ్లూ నా అరచేతిలో ఇమిడిపోతాయి. వంద గజాల్లో భోజనం పళ్లెమంత మేర చెదురుతాయి. ఆ పళ్లెం చూసిన రోజే యాభై దాటితే కాల్చకూడదని నిర్ణయించుకున్నాను. మేం క్యాంపు వేసిన చోటే ఒకాయన ఐదు వందల గజాల దెబ్బల గురించి రాత్రంతా చెప్పాడు. గాయపడి పారిపోయినవాటి లెక్క అడిగితే మాట మార్చాడు. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మూడో ఏడు ఒక మగది ముప్పై ఐదు గజాల్లో నిలబడింది. హామర్ లాగాను. టిక్, టిక్, టిక్, టిక్. రెండో టిక్కుకే తల ఎత్తింది, నాలుగో దానికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. పిర్రల మీది తెల్ల వెంట్రుకలు పువ్వులా విచ్చుకుని దూరంగా మాయమయ్యాయి.

నాలుగో ఏడు రెండు రోజులు కంచె వెంబడి నడిచాను. ఒకచోట కింది ముళ్లతీగకు వెంట్రుకలు కుచ్చులుగా చిక్కుకుని ఉన్నాయి. తీగ కింద మట్టి నున్నగా అరిగిపోయింది. అక్కడి నుంచి అంగలు లెక్కపెడుతూ వచ్చి, నలభై రెండో అంగ దగ్గర ఎండిన వంకలో సేజ్ అనే ఘాటు వాసన పొద వెనక పడుకున్నాను. గాలి నా మొహం మీదికే కొడుతోంది. నారింజ రంగు టోపీ పెట్టుకునే ఉన్నాను, అది అక్కడ నిబంధన. దాన్ని చూసి జంతువులు బెదిరిపోతాయని చాలామంది అంటారు కానీ కదలకుండా ఉంటే పట్టించుకోవు.

తొమ్మిదిన్నరకు వచ్చాయి. ముందు మూడు ఆడవి, ఒకదాని వెనక ఒకటి దూరాయి. దూరిన ప్రతిసారీ తీగ ఝణ్ అని మోగింది. మగది వెనక నిలబడి చాలాసేపు నా వైపే చూసింది. మోచేతి కింద నాగజెముడు ముల్లు దిగుతున్నా కదల్లేదు. చివరికి అది వంగింది. వీపు తీగకు తగిలి ఝణ్ అన్న క్షణంలోనే హామర్ లాగాను. నాలుగు టిక్కులూ ఆ మోతలో కలిసిపోయాయి. బయటికొచ్చి ఒళ్లు విదిలించుకుని పక్కకు తిరిగింది. గొట్టం కొస మీది గురి దాని భుజం వెనక ఆగింది.

డెబ్బై అంగలు పరుగెత్తి పడిపోయింది. గుండు రెండు ఊపిరితిత్తుల్లోంచీ అవతలికి పోయింది. దాని పక్కన కూర్చుంటే చేతులు వణికాయి. చాలాసేపు లేవలేకపోయాను.

ప్రాంగ్‌హార్న్ మాంసం వాసన వస్తుంది, సేజ్ ఆకు తినడం వల్లే అని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. దాని వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, చలికి రగ్గులా పనిచేస్తాయి. చర్మం తియ్యకుండా ట్రక్కులో పడేసి మధ్యాహ్నం ఎండలో ఊళ్లన్నీ తిప్పితే ఏ మాంసమైనా పాడవుతుంది. నేను అరగంటలో పొట్ట తీశాను, గంటలో చర్మం ఒలిచి ఐసులో పెట్టాను. డెన్వర్‌లో మా ఆవిడ మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి దంచి వండితే, మొదట ముట్టనన్న మా అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

మీరు వెళ్లదలుచుకుంటే తూటా కొలతల గురించీ గుండు రకం గురించీ ఆ రాష్ట్రం నిబంధనలు ముందే చదవండి. వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకి విషయంలో ఫెడరల్ (కేంద్ర) చట్టం వేరుగా ఉంటుంది, అది తేల్చుకున్నాకే మిగతావి.

ఆ కంచె మాత్రం నన్ను వదల్లేదు. తీగకున్న కుచ్చుల్లో కొన్నింటికి ఎండిన రక్తం అంటుకుని ఉంది. కింది తీగ ముళ్లు లేనిదై, నేలకు పదహారు అంగుళాల ఎత్తులో ఉంటే వీపు చీరుకుపోకుండా దూరతాయి. తిరిగొచ్చేటప్పుడు ఆ కంచె వేసిన పశువుల యజమానితో ఇదే మాట చెప్పాను. మార్చడానికి మనుషుల్లేరు, నువ్వొచ్చి మార్చుకుంటానంటే నాకు అభ్యంతరం లేదన్నాడు. పావు మైలుకు సరిపడా నున్నటి తీగ కొనిపెట్టాను. మే నెలలో మంచు కరగగానే వెళ్తున్నాను.