ఇంటి రుణం ఎక్కడ తీసుకోవాలి? నాకు మొదట ‘కుదరదు’ అన్న బ్యాంకులోనే తీసుకున్నాను

తిరుచానూరు వైపు నలభై లక్షల ఫ్లాటు చూశారు. ముప్పై లక్షల రుణానికి జీతం పడే ప్రభుత్వ బ్యాంకు 8.5 శాతం అంటోంది, కాగితాల దగ్గర మాత్రం సతాయిస్తోంది. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ 9 శాతం అడుగుతోంది, వారంలో డబ్బు ఇస్తానంటోంది. ఎటు వెళ్లాలన్నది మీ ప్రశ్న.

ఇరవై ఏళ్ల గడువుకు నెల వాయిదాలో తేడా రమారమి 950 రూపాయలు, మొత్తం మీద 2 లక్షల 30 వేలు. చిన్న మొత్తం కాదు. అయినా మీ స్థానంలో నేనుంటే వడ్డీ కన్నా ముందు ఆ సతాయింపు దేని గురించో కనుక్కుంటాను.

నేను అవిలాల దగ్గర పాత ఇల్లు కొన్నాను. బ్యాంకు లాయరు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) అడిగారు. అందులో 1994 నాటి భాగపరిష్కారం ఉంది. ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నారు, చెల్లెలి సంతకం లేదు. ‘పెళ్లిలో ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదండీ’ అని అమ్మే ఆయన తేలిగ్గా తీసేశాడు. లాయరు ఒప్పుకోలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం సవరించింది, ఆమె పెళ్లి ఆ తర్వాత జరిగింది. ఆమె తన వాటా వదులుకుంటూ విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేస్తే తప్ప రుణం లేదన్నారు.

నాకు ఒళ్లు మండింది. గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించుకున్నాం. ఇంకో సంస్థ ఏజెంటు ఇంటికే వచ్చి, ‘మా లాయరు ఇంత లోతుకు వెళ్లరు సార్’ అన్నాడు. అప్పుడు అది నాకు మంచి మాటగానే వినిపించింది! సంతకం పెట్టబోతుంటే మామగారు ఒకటే అడిగారు: ‘రేపు ఆ అమ్మాయి కోర్టుకు వెళితే ఈ వాయిదాలు ఎవరు కడతారు?’ ఆగిపోయాను. అన్నదమ్ములు ఆమెకు ఎంతో కొంత ఇచ్చుకుని, చిత్తూరు నుంచి పిలిపించి దస్తావేజు రాయించేసరికి రెండు నెలలు పట్టింది. ఆషాఢం అడ్డొచ్చి శ్రావణంలో ఇంట్లో దిగాం.

ఇక వడ్డీ. ఈ రోజు ఎంత అని కాదు, రేపు ఎలా మారుతుందని అడగండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి రుణాలను రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు ఆ నిబంధన లేదు, తమ సొంత రేటు పెట్టుకుంటాయి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రిజర్వు బ్యాంకు రెపోను 6.50 నుంచి 5.50 శాతానికి దించినప్పుడు నా వడ్డీ నేను అడగకుండానే తగ్గింది. మా బావమరిదిది మరో సంస్థలో రుణం. అతను అర్జీ పెట్టుకుని, పైగా రేటు మార్పిడికి రుసుము కట్టాల్సి వచ్చింది.

రుణంతో పాటు బీమా తప్పనిసరి అని నాకూ చెప్పారు. ఒకేసారి కట్టే ప్రీమియాన్ని రుణంలోనే కలుపుతామన్నారు, అంటే దానికీ ఇరవై ఏళ్లు వడ్డీ. ‘తప్పనిసరి అని రాసివ్వండి’ అన్నాను. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. 2024 అక్టోబరు నుంచి అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. రెండు చోట్లా అది తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లోటింగ్ రుణాన్ని ముందే తీర్చినా జరిమానా ఉండదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, మీ నలభై లక్షలకు మూడు లక్షలు. దీన్ని రుణంలో కలపరు, చేతిలో ఉంచుకోండి.

ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదన్నారు, చాలా మంచిది. ముందు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి పత్రం, లింకు దస్తావేజుల నకళ్లు బ్యాంకు లాయరుకు చూపించండి. కాగితాల్లో లోపం వల్ల రుణం రాకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి. దానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే వేరే ఫ్లాటు చూసుకోండి.