పేపరు వేయడానికి 4,500 కట్టమంటున్నారు, కట్టమంటారా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది కవిటి మండలం. కొబ్బరి తోటే ఆధారం. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఆఖరి సంవత్సరం. మన ఉద్దానం బోర్ల నీళ్ల మీద ప్రాజెక్టు చేసింది. పీహెచ్‌డీ సీటు కావాలంటే జర్నళ్లలో అచ్చయిన పరిశోధన పేపర్లు ఉండాలని సీనియర్లు చెప్పారట. ఒక జర్నల్‌కు పంపితే అదే రోజు రాత్రి ఒప్పుకున్నారు. రెండు రోజుల్లో 4,500 కడితే సర్టిఫికెట్ కూడా ఇస్తారట. వాళ్ల లెటరు, అమ్మాయి పేపరు జతచేశాను. కట్టమంటారా?

జవాబు: వద్దండీ, కట్టకండి.

మీరు పంపినవి రెండూ చదివాను. అమ్మాయి సాయంత్రం 5.10కి పేపరు పంపింది, రాత్రి 11.25కి యాక్సెప్ట్ చేశారు. ఇద్దరు రివ్యూయర్లు, అంటే తప్పొప్పులు చూసే నిపుణులు, పరిశీలించారట. ఇద్దరిదీ ఒకటే మాట, ‘గుడ్ వర్క్’ అని. మూడో టేబుల్లో ఒక బోరు ఫ్లోరైడ్ 1.2 అని ఉంది. కింద వివరణలో అదే బోరుకు 12 అని పడింది. టైపింగులో చుక్క ఎగిరిపోయింది, అంతే. కానీ మన తాగునీటి ప్రమాణాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 12 అని చదివితే ఎవరైనా ఉలిక్కిపడాలి. కెమిస్ట్రీ అంతంత మాత్రంగా వచ్చిన నాకే కనిపించింది. ఇద్దరు రివ్యూయర్లకు కనిపించలేదంటే ఆ పేపరు ఎవరూ తెరవలేదన్నమాట.

ఆ జర్నల్ పాత సంచిక ఒకటి తిరగేశాను. ఉల్లి ధరలు, కాంక్రీటు బీములు, ప్రబంధ కవిత్వం, పంటి చిగుళ్ల జబ్బులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. మన వారపు సంతకైనా కూరగాయల వరస వేరు, ఎండుచేపల వరస వేరు. డబ్బు పంపమన్న యూపీఐ ఎవరో ఒక మనిషి పేరు మీద ఉంది. లెటరు అడుగున ఇంకో మాట చూశారో లేదో, అదనంగా ఒక్కో రచయిత పేరుకు 500 అట. పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లు ఎక్కించినట్టు!

పైన ‘యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అప్రూవ్డ్’ అన్నట్టు స్టాంపు కొట్టారు. నమ్మదగిన జర్నళ్లు ఇవీ అని యూజీసీ నడిపిన కేర్ లిస్టును 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. అంతకుముందు ఉన్న జాబితాలోంచి కూడా 2018లో 4,305 జర్నళ్లను ఒకేసారి తీసేశారు. కాబట్టి ఇవాళ ఎవరైనా ఆ ముద్ర చూపించి డబ్బు అడిగితే అక్కడే అనుమానించాలి. ఐఎస్ఎస్ఎన్ అనే ఎనిమిది అంకెల నంబరు ఉందిగా అని సీనియర్లు అంటారు. అది బండి నంబరు ప్లేటు లాంటిది. ప్లేటు ఉన్నంత మాత్రాన నడిపేవాడికి లైసెన్సు ఉన్నట్టు కాదు.

డబ్బు అడగడమే మోసమని మాత్రం అనుకోకండి. ఓపెన్ యాక్సెస్ పద్ధతిలో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, నడిచే మంచి జర్నళ్లు కొన్ని కూడా రచయిత దగ్గర ఫీజు తీసుకుంటాయి, కాకపోతే అది ఎంతో ముందే సైట్లో చెబుతాయి, పేపరును నెలల తరబడి చదివి తప్పులు పట్టి తిప్పి పంపుతాయి. డీఓఏజే అనే జాబితాలో అలాంటి జర్నల్ ఉందో లేదో ఉచితంగా వెతకొచ్చు. స్కోపస్ అనే పెద్ద జర్నళ్ల డేటాబేస్‌లో ఉన్నామని చెప్పుకుంటే స్కోపస్ సైట్లోనే పేరు కొట్టి చూడాలి, ఒకప్పుడు ఉండి తర్వాత తీసేసినవీ ఉంటాయి. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైటు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అన్నిటికంటే తేలిక దారి ఇంకొకటి ఉంది. అమ్మాయి తన ప్రాజెక్టు కోసం చదివిన పేపర్లు ఏ జర్నళ్లలో వచ్చాయో చూసుకుని, గైడ్‌ను కూర్చోబెట్టుకుని అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. గైడ్‌కు చెప్పకుండా పంపిందేమోనని నా అనుమానం.

చాలా ఏళ్ల కిందట విజయనగరం కుర్రాడొకడు ఇలాంటి చోటే పేపరు వేసుకుని నా దగ్గరికొచ్చాడు. రెండేళ్ల కష్టం. తర్వాత తెలిసొచ్చి వెనక్కి ఇమ్మంటే దానికీ డబ్బు అడిగారు. అచ్చయిపోయిన పేపరును మళ్లీ కొత్తదని ఇంకో జర్నల్‌కు పంపకూడదు. డేటా అక్కడే ఇరుక్కుపోయింది. మీ అమ్మాయి ఇంకా డబ్బు కట్టలేదు, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టలేదు. అందుకని ఇవాళే ‘నా పేపరు ఉపసంహరించుకుంటున్నాను’ అని ఒక్క లైను మెయిల్ పంపి, కాపీ దాచుకోమనండి.

ఇక సీటు టెన్షన్. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు, పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పేపరు వేసి తీరాలన్న షరతునే తీసేశాయి. చేరడానికి ముందే పేపర్లు ఎందుకు? ఏదైనా యూనివర్సిటీ సొంతంగా అడిగితే దాని నోటిఫికేషన్లో ఉంటుంది, చూసుకోండి. 2024 జూన్ నుంచి యూజీసీ పెట్టే నెట్ పరీక్ష స్కోరుతో పీహెచ్‌డీలో చేరొచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రానివాళ్లకు స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆమె సబ్జెక్టు యూజీసీ నెట్‌లో ఉంది. ఆ 4,500 పెట్టి పుస్తకాలు కొనివ్వండి.

ఇంకో సంగతి ఫోన్లో చెబుతూ మీరు నవ్వేశారు గానీ నాకు నవ్వు రాలేదు. అమ్మాయి నీళ్లు పట్టింది 26 బోర్ల దగ్గర. ‘40 అని రాస్తే నిండుగా ఉంటుంది, మిగతావి చుట్టుపక్కల అంకెలతో నింపెయ్’ అని సీనియర్ అన్నాడట. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. రేపు ఇంకెవరో ఆ 14 దొంగ అంకెలు నమ్మి లెక్క కడతారు. నష్టపోయేది మీ వీధిలోవాళ్లే. 26 తక్కువేమీ కాదు, ‘26 బోర్లు’ అని తలెత్తుకుని రాయొచ్చు.

అంతగా 40 కావాలనిపిస్తే సెలవుల్లో మిగతా 14 బోర్ల దగ్గరికీ వెళ్లండి. బండి మీద సీసాలు మీరే పట్టుకెళ్లండి. ప్రతి సీసా మీద ఊరు, తేదీ రాయమనండి. వానలకు ముందు పట్టిన నీళ్లూ తర్వాత పట్టినవీ ఒకటి కావు, పేపరులో కూడా ఆ ముక్క రాయాలి.