పెరూ అమెజాన్ అడవిలోని ఇక్విటోస్‌లో పిల్లలతో పిల్పింతువాసికి వెళ్లాలా, హోటల్ వాళ్లు చెప్పే నది టూర్‌కి వెళ్లాలా?

పిల్పింతువాసికే వెళ్లండి, అది సీతాకోకచిలుకల తోట, దిక్కులేని జంతువుల ఆశ్రమం. మీరు రాసిన రెండో ఆప్షన్, అదే స్లోత్‌ని (చెట్ల మీద మెల్లగా కదిలే జంతువు) ఎత్తుకోనిచ్చి, అనకొండని మెడలో వేసి ఫోటోలు తీయించే పడవ టూర్, దానికి మాత్రం డబ్బులివ్వకండి. మేం పెరూ వెళ్లినప్పుడు మాకూ అదే అంటగట్టబోయారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు, కాదనను. కానీ ఆ స్లోత్ పిల్లలు చాలావరకు తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చినవి. రోజంతా చేతులు మారుతూ, తినాల్సిన ఆకులు దొరక్క నీరసించిపోతాయి, ఒకటి పోతే ఇంకోదాన్ని పట్టుకొస్తారు. అధికారుల చేతికి చిక్కినవాటిల్లో అదృష్టం ఉన్నవి పిల్పింతువాసి లాంటి చోటికి చేరతాయి. పొద్దున ఆ టూర్‌కి, మధ్యాహ్నం ఈ కేంద్రానికి టికెట్ కొనడమంటే తూట్లు పొడిచిన చేత్తోనే కుండకి మాటు వేసినట్టు.

ఇక దారి. ఇక్విటోస్‌కి మిగతా దేశం నుంచి రోడ్డు మార్గం లేదని మీకు తెలిసే ఉంటుంది, లీమా నుంచి విమానమో, లేదంటే రోజుల తరబడి నది మీద పడవో. ఊళ్లో మన ఆటోల్లాంటి మోటోటాక్సీలు ఉంటాయి, బెయావిస్తా నానాయ్ రేవు అంటే చాలు తీసుకెళ్తారు. అక్కడ్నుంచి పాద్రే కోచా అనే పల్లెకి పడవలో ఇరవై నిమిషాలు అటూ ఇటూ. నది నిండుగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో పడవ తోట దాకా పోతుంది, ఆగస్టు, సెప్టెంబర్‌లలో నీళ్లు తీసేస్తాయి కాబట్టి పల్లెలో దిగి పావుగంట నడవాలి. (రేవు దగ్గర తాటిజాతి చెట్ల బోదెల్లో దొరికే లావుపాటి తెల్ల పురుగుల్ని పుల్లకి గుచ్చి కాల్చి అమ్ముతుంటారు, మా ఆవిడ అటు చూడనని మొహం తిప్పేసుకుంది, మా వాడు మాత్రం ఒకటి తిని బాగుందన్నాడు.)

ఈ చోటుని నడిపేది గుడ్రున్ స్పెరర్ అనే ఆస్ట్రియా ఆవిడ. మొదట సీతాకోకచిలుకల పెంపకమే. తర్వాత జనం దిక్కులేని జంతువుల్ని తెచ్చి గుమ్మంలో పెట్టడం మొదలయ్యాక అనాథాశ్రమం కూడా అయింది. మనంతట మనం తిరగడానికి లేదు, గైడ్ వెంటే వెళ్లాలి, అదే మంచిది కూడా.

అందరూ అక్కడి జాగ్వార్ (చిరుత లాంటి పెద్ద పిల్లి) కోసం హడావిడి పడతారు గానీ, నన్నడిగితే సీతాకోకచిలుకల దగ్గరే ఎక్కువసేపు ఉండండి. పెద్ద వల కట్టిన తోటలో అవి మన చుట్టూ ఎగురుతుంటాయి, అది ఎవరైనా చూస్తారు. అసలు సంగతి గొంగళి పురుగుల గదిలో ఉంది. అడవిలో పెట్టిన గుడ్లలో చాలా కొద్ది మాత్రమే రెక్కలదాకా వస్తాయి, చీమలు తింటాయి, చిన్న కందిరీగలు గొంగళి పురుగు ఒంట్లోనే గుడ్లు పెట్టి దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. అందుకే ఇక్కడ గుడ్లు ఏరి, వేరే పెట్టెల్లో పెంచుతారు. ఒక్కో జాతికి ఒక్కో ఆకే కావాలి, ఇంకోటి పెడితే ఆకలితో చస్తుంది గానీ ముట్టదు. రెక్క మీద గుడ్లగూబ కన్ను లాంటి మచ్చ ఉండే కాలిగో అనే సీతాకోకచిలుక పురుగులకి అరటి జాతి ఆకులు. హెలికోనియస్ అనే ఇంకో రకానికి పాషన్ ఫ్రూట్ తీగ ఆకులే, ఆ సీతాకోకచిలుకల్ని తినే పక్షులకి చేదు తగిలేది ఒంట్లోని విషం వల్లే. కాబట్టి తోట నడపడమంటే సగం పని మొక్కలు పెంచడమే. మోర్ఫో అనే నీలం సీతాకోకచిలుకని చూసినప్పుడు పిల్లలకి చెప్పండి, ఆ నీలం రంగు పదార్థం కాదు, రెక్క మీది పొలుసుల నిర్మాణం మీద వెలుగు పడి పుట్టేది. రెక్కలు మూస్తే అడుగంతా గోధుమ రంగే, ఎండుటాకేమో అనుకుంటారు.

ఎండ ఉన్నప్పుడే మోర్ఫోలు బాగా ఎగురుతాయి, అందుకని పొద్దున్నే వెళ్లండి. చేతులకి దోమల మందు రాసుకుని వాటిని ముట్టుకోవద్దు, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

కోతులు వదిలేసే ఉంటాయి, జేబుల్లో చెయ్యి పెడతాయి, కళ్లజోడు లాగుతాయి. గైడ్ బ్యాగులు లోపల పెట్టమంటే పెట్టేయండి, మొహమాటం వద్దు. బట్టతల, ఎర్రటి మొహం ఉండే ఉకారి కోతుల్ని తప్పక చూడాలి, ఈ అమెజాన్ ప్రాంతంలో తప్ప ఎక్కడా ఉండవు, మాంసం కోసం వేటాడి బాగా తగ్గించేశారు. మేం వెళ్లినప్పుడు జాగ్వార్ మాత్రం కంచె లోపలే ఉంది. మా అమ్మాయి "దాన్ని అడవిలో ఎందుకు వదలరు?" అని అడిగితే గైడ్ చెప్పిన జవాబు పెద్దవాళ్లకీ అవసరమే: మనిషి చేతి తిండి తిని పెరిగిన పిల్లి మనిషిని చూసి పారిపోదు, నేరుగా ఊళ్లోకొస్తుంది, తుపాకీకి దొరికిపోతుంది. అన్నిటినీ వదిలేసే చోటు కాదిది, కొన్నిటికి ఇదే ఆఖరి ఇల్లు. అది చూసి కొంచెం దిగులుగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

సోమవారం మూసి ఉంటుంది, ప్లాన్ దాన్ని బట్టి వేసుకోండి. ఇంకో సంగతి, మీరు పెరూ నుంచి తిన్నగా ఇండియా వస్తున్నారంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండి తీరాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో పక్కకి తీసి క్వారంటైన్‌లో పెట్టే వీలుంది. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఇంకో పూట మిగిలితే నౌటా అనే ఊరికి వెళ్లే రోడ్డు మీద మనాటీలని (నీళ్లలో ఉండి మొక్కలు మేసే పెద్ద జంతువులు) కాపాడే కేంద్రం ఉంది, అదీ చూడొచ్చు. తల్లి పోయిన మనాటీ పిల్లల్ని పాలసీసాతో పెంచుతారక్కడ. బుజ్జి పిల్లలుంటే జాగ్వార్ కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది.