గుర్రం చవగ్గానే దొరుకుతుంది, ఎక్కడ ఉంచుతారు?

ప్రశ్న: సార్, మేముండేది కొండాపూర్‌లో, అపార్ట్‌మెంట్. మా పాప మొయినాబాద్ వైపు రెండేళ్లుగా రైడింగ్ నేర్చుకుంటోంది, ఇంటర్ ఫస్టియర్. ఇప్పుడు సొంత గుర్రం కావాలని ఒకటే గోల. మలక్‌పేటలో రేసులు మానేసిన ఆరేళ్ల థొరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి గుర్రం) ఒకటి తక్కువకే ఇస్తామంటున్నారు. బోర్డింగ్‌కి (అంటే గుర్రాన్ని వాళ్ల దగ్గరే ఉంచి చూస్కోవడానికి) రెండు చోట్ల అడిగితే ఒకళ్లు నెలకి 28 వేలన్నారు, ఇంకొకళ్లు 14 వేలకే చూస్కుంటామన్నారు. ఇంత తేడా ఏంటి? దేంట్లో పెట్టాలి?

జవాబు: గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అన్లేదండి. తక్కువకి ఇస్తున్నారంటే కొనే రేటే తక్కువ, తిండి ఖర్చు మాత్రం ఏ గుర్రానికైనా ఒకటే. ఆ 14 వేల వాళ్లని ఒక్కటే అడగండి, అందులో ఏమేం వస్తాయని. చాలాచోట్ల జాగా, గడ్డి, సైస్ (గుర్రాన్ని చూస్కునే పనివాడు) జీతంలో వాటా, అంతే. లాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రావాలి, అది వేరే. డాక్టరు, టెటనస్ టీకా, నులిపురుగుల మందు, అవీ వేరే. అన్నీ కూడితే రెండిటికీ మీరనుకున్నంత తేడా ఉండకపోవచ్చు.

ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే ఏ ఫామ్ అయినా బాగానే ఉంటుంది, మీరు చెప్పకుండా మామూలు రోజు సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి. రాత్రి ఆఖరి గడ్డి ఎన్నింటికి వేస్తారో చూడండి. గుర్రం పొట్ట చిన్నది, అందులో యాసిడ్ మాత్రం రోజంతా ఊరుతూనే ఉంటుంది, అందుకే అది కొంచెం కొంచెంగా నములుతూ ఉండాలి, సాయంత్రం ఆరింటికి వేసి మళ్లీ పొద్దున ఆరింటిదాకా తొట్టి ఖాళీగా ఉంచారంటే అల్సర్లు, కడుపునొప్పి కోరి తెచ్చుకున్నట్టే. 400 కిలోల గుర్రానికి ఎండుగడ్డి లెక్కన రోజుకి ఆరు నుంచి ఎనిమిది కిలోలు పడాలి. నీళ్లు మామూలు రోజుల్లోనే 25, 30 లీటర్లు తాగుతుంది, మే నెల ఎండలో అయితే చెప్పక్కర్లేదు, బోరు ఎండిపోతే ట్యాంకర్ ఎవరు తెప్పిస్తారో కూడా అడగండి.

ఇంకోటి, రాత్రి అక్కడ ఎవరు పడుకుంటారు? నేనైతే దీనికి సరైన జవాబు రాకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేస్తా. గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు, కడుపులో ఏదన్నా అడ్డంపడితే కిందపడి దొర్లుతుంది, కాలితో నేల తవ్వుతుంది, తిరిగి తిరిగి పక్కటెముకల వైపు చూస్కుంటుంది. దాన్నే కోలిక్ అంటారు. గంటలు లెక్కే అక్కడ. ఆ టైంలో సైస్ మీకు ఫోన్ చేసి, మీరు ఎత్తక, డాక్టర్ని పిలవాలా వద్దా అని వాళ్లు తర్జనభర్జన పడుతూ కూర్చుంటే అయిపోయినట్టే. అందుకే మేం ఫోన్ ఎత్తకపోయినా డాక్టర్ని పిలవండి, ఇన్ని వేల వరకు ఖర్చు మాది అని ముందే కాగితం మీద రాసివ్వండి.

కొత్త గుర్రం వస్తే విడిగా ఉంచుతారా, గ్లాండర్స్ టెస్ట్ అడుగుతారా అన్నది కూడా చూడండి. అది మనుషులకీ అంటుకునే జబ్బు, తేలితే ప్రభుత్వానికి చెప్పి తీరాలి. కొనే ముందు మీ గుర్రానికీ ఆ రిపోర్టు తీసుకోండి.

చివరగా పాప సంగతి. ఆరేళ్ల గుర్రం బాగా చూస్కుంటే ఇంకో 20 ఏళ్లు బతుకుతుంది, పాప ఇంకో రెండేళ్లకి ఇంజనీరింగో మెడిసినో అని ఏ ఊరెళ్తుందో. పైగా రేసుల నుంచి వచ్చినదానికి పరిగెత్తడమే తెలుసు, మళ్లీ మొదట్నుంచి నేర్పాలి, రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లకి అది కష్టం. అక్కడే ఎవరిదన్నా నెమ్మదైన గుర్రాన్ని ఒక ఏడాది హాఫ్ లీజుకి అడగండి, వారంలో సగం రోజులు మీది. పొద్దున ఐదింటికి లేచి పేడ ఎత్తడానికి కూడా వెళ్తోందా లేదా అన్నది ఆ ఏడాదిలో తేలిపోతుంది.

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మాకు రెండెకరాలు, రెండు ఆవులున్నాయి. బోర్డింగ్ ఎందుకు, మా గుర్రాన్ని ఆవులతోపాటే ఉంచి అదే దాణా పెడితే పోలా?

జవాబు: ఉంచొచ్చు, దాణా మాత్రం వద్దు. కొన్ని పశువుల దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు, ఆవుకి ఏం కాదు, గుర్రానికి గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. వరిగడ్డి కూడా మెయిన్ మేతగా పెట్టకండి, బలం ఉండదు, పేగుల్లో అడ్డంపడే భయం ఉంది. నేపియర్ పచ్చగడ్డి, మంచి ఎండుగడ్డి, కాసిని ఉడకబెట్టిన ఉలవలు, రాతి ఉప్పు గడ్డ ఒకటి. బూజు వాసన వస్తే ఎంత ఖరీదు పెట్టినదైనా పారేయండి. వానాకాలం బురదలో నిలబెడితే గిట్టల అడుగు కుళ్లుతుంది, రోజూ ఎత్తి గీకాలి. జోరీగలు, రక్తం పీల్చే ఇతర ఈగలతో సర్రా జబ్బు వస్తుంది, ఆవుల్లో బయటికి కనపడకుండా కూడా ఉంటుంది, కాబట్టి పేడకుప్ప గుర్రం పాకకి దూరంగా వేయించండి, జ్వరం వచ్చి పోతూ చిక్కిపోతుంటే మాత్రం రక్తపరీక్ష చేయించండి.