పాత పిస్టల్, లేవని సేఫ్టీ

ప్రశ్న: నాన్నగారి నుంచి నాకు వచ్చిన కోల్ట్ .32 పిస్టల్ ఉంది. 1903 మోడల్. లైసెన్స్ నా పేరు మీదికి మారింది. 2024 ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తిరిగి తెచ్చుకున్నప్పటి నుంచి తోలు పౌచ్‌లో పెట్టి బీరువాలో ఉంచాను. ఇప్పుడు ఎడమవైపు సేఫ్టీ లీవర్ (పిస్టల్ పేలకుండా ఆపే మీట) పైకి లేవడం లేదు. ఒక్కోసారి లేచినా చాలా గట్టిగా ఉంటోంది, చలికాలంలో మరీనూ. కొబ్బరినూనె వేసినా లాభం లేదు. అడుగున మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసే క్లిప్పూ బిగుతే. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు, ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. ఇవ్వొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికి ప్రత్యేకంగా లైసెన్స్ ఉండాలి. మేస్త్రీ ఎంత పనిమంతుడైనా, పిస్టల్ ఆయన చేతిలో పెడితే ఆయనా ఇరుక్కుంటాడు, మీరూ ఇరుక్కుంటారు.

ఇక సేఫ్టీ సంగతి. మీ ఉత్తరంలో ‘ఒక్కోసారి లేచినా’ అన్న మాట దగ్గర ఆగాను. ఈ మోడల్‌లో హామర్ (తూటాను పేల్చే సుత్తి) స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) లోపలే దాగి ఉంటుంది, బయటికి కనిపించదు. ఆ హామర్ వెనక్కి వెళ్లి కాక్ అయి ఉంటేనే సేఫ్టీ పైకి లేస్తుంది. లేకపోతే ఎంత నొక్కినా లేవదు, దాని తయారీయే అంత. ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే ఉద్యోగంలో, ఉన్న రోజుల్లో నా దగ్గరికి ఈ కంప్లయింట్‌తో వచ్చిన కోల్ట్‌లలో చాలావాటికి అసలు రోగమే లేదు. బలవంతంగా నెట్టి లీవర్ మీద గీతలు పడేసుకుని తెచ్చేవారు. చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

కాబట్టి ముందు ఇలా చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. పిస్టల్ మూతి మనుషులు లేని వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ లాగాలి. ఈ వరస తప్పితే స్లయిడ్ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి, అంటే పేలే తూటా కూర్చునే గదిలోకి, తోసేస్తుంది. స్లయిడ్ వెనక్కి పట్టుకుని ఛాంబర్‌లోకి వెలుతురులో చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. ఖాళీ అని రూఢి అయ్యాక స్లయిడ్ వదలండి. ఇప్పుడు హామర్ కాక్ అయింది. సేఫ్టీ ఎత్తండి. సాఫీగా లేస్తే మీ పిస్టల్‌కు ఏ జబ్బూ లేదు.

అప్పటికీ గట్టిగానే ఉంటే నేను అనుమానించేది మీ కొబ్బరినూనెనే. అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. బెజవాడలో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు అంతకంటే చల్లగానే ఉంటాయి కదా. సీసాలో తెల్లగా పేరుకున్నట్టే లీవర్ కింద సందులోనూ పేరుకుంటుంది, దుమ్మునూ పట్టి ఉంచుతుంది. చలికాలంలో మరీ బిగుసుకోవడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

లీవర్ మొదట్లో సన్నటి కుంచెతో ఒకట్రెండు చుక్కల కిరోసిన్ పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడవండి. గుడ్డకు గోధుమరంగు జిడ్డు అంటుతుంటే మళ్లీ చేయండి. ఆరాక ఒక్క చుక్క గన్ ఆయిల్ చాలు. అది దొరకకపోతే కుట్టుమిషన్ నూనె వేయండి. దీపం దగ్గర వేడిచేయడం, సుత్తితో తట్టడం వద్దు. ముఖ్యంగా ఆకురాయి, ఎమరీ కాగితం దగ్గరికే రానివ్వొద్దు. సేఫ్టీ లోపలి భాగం వెంట్రుకవాసి అరిగినా అది పనిచేస్తున్నట్టే కనిపించి అసలు సమయంలో మోసం చేస్తుంది. పిడికి నల్లరబ్బరు పలకలుంటే వాటికి కిరోసిన్ తగలనివ్వకండి. పాతబడ్డ రబ్బరు పెళుసుగా ఉంటుంది, మరలు తిప్పేటప్పుడు పగిలిందంటే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

మ్యాగజైన్ క్లిప్ కొంచెం బిగుతుగా ఉండటం సహజమే. బొటనవేలితో వెనక్కి నెట్టి, రెండో చేత్తో మ్యాగజైన్‌ను కిందికి లాగండి.

శుభ్రం చేశాక, ఖాళీ పిస్టల్‌తోనే, ఖాళీ మ్యాగజైన్ లోపల పెట్టి మూడు పరీక్షలు చేయాలి. స్లయిడ్ లాగి, సేఫ్టీ ఎత్తి, పిడి బిగించి ట్రిగ్గర్ నొక్కండి. హామర్ పడకూడదు. సేఫ్టీ దించి, పిడి వెనక ఉన్న గ్రిప్ సేఫ్టీని నొక్కకుండా ట్రిగ్గర్ లాగండి. అప్పుడూ పడకూడదు. పిడి బిగించి లాగితే మాత్రం పడాలి. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా, హామర్ కాక్ అయినా సేఫ్టీ మొరాయించినా ఇక మీరు ముట్టుకోవద్దు. లైసెన్స్ పుస్తకం వెంట తీసుకుని, రిపేరుకు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి మీరే స్వయంగా తీసుకెళ్లండి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా మేనల్లుడి చేతో డ్రైవరు చేతో పంపడం కూడా నేరమే.

ఆ తోలు పౌచ్ ఇవాళే మార్చేయండి. తోలు తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. పిస్టల్‌ను నూనె తడిపిన నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి తీసి తుడవండి.