సాపర్ల చరిత్ర రాయబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

యుద్ధాల్లో సైన్యం ఇంజనీర్లు ఏం చేశారో రాస్తానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. సాపర్లంటే ఆ సైన్యం ఇంజనీర్లే. మద్రాస్ సాపర్ల దళంలో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, మా పని గురించి ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పతకాలతో మొదలుపెట్టకమ్మా. మా దళం 1780లో రెండు పయనీర్ కంపెనీలుగా, అంటే సైన్యానికి దారులు వేసే చిన్న దళాలుగా, పుట్టిందన్నది ఒక్క వాక్యంలో చెప్పెయ్. ముందు పని తెలుసుకో. మైన్లు, అంటే నేలలో పాతిన మందుపాతరలు, వెతికేవాడు బోర్లా పడుకుని, తుపాకీ కొసన తగిలించే బాయొనెట్ కత్తినో సన్నటి ఇనుప ఊచనో నేలలోకి ఏటవాలుగా దింపుతాడు. నిలువుగా గుచ్చితే బరువు మైన్ నెత్తిన పడి పేలుతుంది. ఏటవాలుగా అయితే దాని పక్కకు తగులుతుంది. అలా జానెడు చూసుకుని జానెడు జరగాలి. ట్రైనింగులో ఉత్తుత్తి మైన్ల మీద చేస్తుంటేనే నా వేళ్లు వణికాయి.

ఇది తెలిశాక ప్రేమీంద్ర సింగ్ భగత్ అనే సాపర్ అధికారి గురించి చదువు. 1941లో, రెండో ప్రపంచ యుద్ధంలో, అబిసీనియాలో (ఇప్పటి ఇథియోపియా), నాలుగు రోజులపాటు 55 మైళ్ల దారిలో అందరికన్నా ముందు బండిలో వెళ్తూ మైన్లు పాతిన చోట్లు, మైన్‌ఫీల్డులు, 15 కనిపెట్టి తీయించారు. పేలుడుకు కర్ణభేరి చిల్లుపడింది. ఇక విశ్రాంతి తీసుకోమంటే, ఈ పని ఇప్పుడు నాకే బాగా తెలుసు, నేనే చేస్తానన్నారు. బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారన్నది ఆ తర్వాత రాయి.

ఓటమిని దాటవేయకు. 1942 ఫిబ్రవరి 23న, బర్మాలో, సిట్టాంగ్ నది మీది వంతెనను మనవాళ్లే పేల్చేశారు. జపాన్ సైన్యం దాటి రంగూన్ దారి పట్టకూడదని. అప్పటికి 17వ ఇండియన్ డివిజన్ అనే మన పెద్ద దళంలో ఎక్కువమంది అవతలి ఒడ్డునే ఉన్నారు. ఈత వచ్చినవాళ్లు ఈదారు, తెప్పలు కట్టుకున్నవాళ్లు కొందరు దాటారు, చాలామంది దాటలేకపోయారు. పేలుడు మందు అమర్చినవాడూ సాపరే, ఆ వంతెన మీదికి రావలసినవాళ్లూ మనవాళ్లే. తప్పు ఎవరిదని తీర్పు చెప్పే తొందర వద్దు. తెల్లవారుజామున ఆ ఒడ్డున ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో ముందు తేల్చుకో. నీ పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ పేజీలు దీనికే ఇమ్మంటాను.

1948లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, కాశ్మీర్ నుంచి లడఖ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమకు ట్యాంకులు ఎక్కడానికి మా తంబిలు (మద్రాస్ సాపర్లను అలాగే పిలుస్తారు) కంచరగాడిద బాటను వెడల్పు చేశారు. అందరూ నవంబర్ 1న ట్యాంకులు పైకి వెళ్లిన సంగతే రాస్తారు. నువ్వు ఆ బాట తవ్విన రోజులు రాయి. చలిలో పార పట్టిన చేతుల సంగతి అడుగు.

ఇక వెతకడం గురించి. మనిషి పేరుతో వెతికితే దొరకడం కష్టం, కంపెనీ నంబరు పట్టుకో. యుద్ధకాలంలో యూనిట్లు రోజువారీ వార్ డైరీ రాసేవి. అందులో ‘వంతెన పూర్తయింది’ అని ఒక్క ముక్కే ఉంటుంది. దాని వెనక రాత్రంతా చేసిన పని ఉందని నువ్వే గుర్తుపెట్టుకోవాలి. పాత సైనికుల ఇళ్లకు వెళ్తే ఎంతమందిని చంపారని అడగొద్దు. చేతిలో ఏ పనిముట్టు ఉండేదో అడుగు, వాళ్లే చెప్పుకుపోతారు.

సెలవులకు రా. పెరట్లో ఊచ పట్టించి, ఎంత ఏటవాలుగా దింపాలో చూపిస్తాను.

మీ తాతయ్య